క్రోమ్ షెడ్డు కింది నేల: ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

హైదరాబాద్‌కు ఉత్తరాన ఓ పాత పారిశ్రామికవాడ. అందులో మూతబడిన ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు. కుళాయిలకు, స్కూటర్ సామాన్లకు నికెల్ వేసి పైన క్రోమ్ పూత పూసేవారు. ఇప్పుడు స్థలం అమ్మకానికి పెట్టారు. నేల, నీళ్లు పరీక్ష చేయిస్తేగాని అడ్వాన్సు ఇవ్వొద్దని కొనే పార్టీకి లాయరు చెప్పాడు. వెనక వీధిలో ఒక ఇంటి బోరులో నీళ్లు లేత పసుపుగా వస్తున్నాయని అప్పటికే గొడవ నడుస్తోంది. అలా ఈ పని మా చిన్న కన్సల్టెన్సీ చేతికొచ్చింది. యజమాని పేరు, వాడ పేరు రాయను.

తొట్లను ఎప్పుడో పాత ఇనుము కింద అమ్మేశారు. క్రోమ్ తొట్టి ఎక్కడ ఉండేదో మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు, గోడ చూస్తే చాలు. నేల నుంచి మోకాలెత్తు దాకా ఇటుకల మీద పసుపు రంగు ఉప్పు పొక్కి ఉంది. తడి పైకి పాకి, ఆరి, తనతో తెచ్చినదాన్ని అక్కడే వదిలేసింది. చాకు మొనతో కాస్త గీరి పింగాణీ పళ్లెంలో వేశాను. రెండు చుక్కల ఆమ్లం, క్రోమియం-6 ఉంటే రంగు చూపించే డైఫినైల్ కార్బజైడ్ రెండు చుక్కలు వేశానో లేదో వంకాయ రంగు వచ్చేసింది. క్రోమియం-6, అంటే క్రోమియంలో నీళ్లతో పాటు తిరిగే విష రూపం. ఇక అనుమానం లేదు, ఎంత ఉందన్నదే తేలాలి.

క్రోమ్ తొట్టిలో మామూలుగా లీటరుకు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్ కలుపుతారు. అంటే లీటరు ద్రావణంలో సుమారు 130 గ్రాముల క్రోమియం. తాగునీళ్లలో లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నియమం. లెక్కేస్తే, తొట్టిలోంచి కారిన ఒక్క లీటరు 26 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకొస్తుంది. యజమానికి ఈ లెక్క చూపిస్తే నమ్మలేదు. ఫోన్ తీసి తనే మళ్లీ గుణించుకుని, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ఏదీ దాచలేదు. "తొట్టి కారేది సార్. లోపల సీసం రేకు చిరిగితే అతుకేసేవాళ్లం. ఆదివారం సెలవు కదా, సోమవారం వచ్చి చూస్తే మట్టం తగ్గి ఉండేది. నీళ్లు పోసి, ఎర్ర పలుకులు కలిపి మళ్లీ మొదలెట్టేవాళ్లం." ఎర్ర పలుకులంటే క్రోమిక్ యాసిడ్. మాట్లాడుతూనే తల వెనక్కి వంచి ముక్కు చూపించాడు. రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడి ఉంది. పూత వేసేటప్పుడు తొట్టిలోంచి లేచే తుంపరను ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు అలా అవుతుంది. "మా బ్యాచ్‌లో అందరికీ ఉంది సార్, నొప్పేం ఉండదు" అన్నాడు. క్రోమియం-6ను క్యాన్సర్ కలిగించే పదార్థంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) 1990లోనే తేల్చింది. ఛాతీ పరీక్ష చేయించుకోమని గట్టిగా చెప్పి పంపాను. అది నా ఒప్పందంలో లేని పనే.

మే

పరిశీలన బోర్లు వేయించాం. బండి, దాని మీది కుర్రాళ్లు తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చినవాళ్లు. మన రెండు రాష్ట్రాల్లోనూ బోరు బండ్లలో చాలా వరకు ఆ ఊరివే. ఎన్ని ఇంచుల నీళ్లు కావాలని అడిగారు. నీళ్లు పడకపోయినా ఫర్వాలేదు, మొరం అయిపోయి గట్టి రాయి తగలగానే ఆపేయండి అన్నాను. జీవితంలో ఎవరూ వాళ్లను అలా అడిగి ఉండరు.

లోతుగా పోనివ్వకపోవడానికి కారణం ఉంది. ఇక్కడంతా గ్రానైట్. పైన కాస్త ఎర్రమట్టి, దాని కింద పది పదిహేను మీటర్ల దాకా చివికిన రాయి, అంటే మొరం, ఆ కింద పగుళ్లున్న గట్టి రాయి. మురికి ప్రస్తుతం ఎక్కువగా మొరంలో ఉంది. రాయిలోకి చిల్లు వేస్తే పై మురికికి కిందికి దారి మనమే వేసినట్టవుతుంది. పాత షెడ్డు బోరు ఆ పని ఎప్పుడో చేసేసింది. కేసింగ్ పైపు చుట్టూ సిమెంటు పోయలేదు. మట్టికీ పైపుకీ మధ్య వేలు పట్టేంత సందు.

మొరం ముక్కల్ని వరసగా ట్రేలలో పేర్చి చూస్తుంటే రాతి పగుళ్ల అంచుల మీద నల్లటి పూత కనిపించింది. గోటితో గీకితే మసిలా అంటుకుంటుంది. అది మాంగనీస్ ఆక్సైడ్. దీన్ని నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసిపెట్టాను. ఎందుకో జనవరి పేజీలో వస్తుంది.

శాంపిల్ సీసాల దగ్గర చిన్న రభస. ల్యాబ్ వాళ్లు పంపిన సీసాల్లో ముందే నైట్రిక్ యాసిడ్ వేసి ఉంది. మొత్తం లోహాల పరీక్షకైతే అదే పద్ధతి. క్రోమియం-6కు మాత్రం పనికిరాదు. ఆమ్లంలో, నీళ్లలో ఉన్న సేంద్రియ పదార్థంతో కలిసి అది పెద్దగా హాని లేని క్రోమియం-3గా మారిపోవచ్చు. అప్పుడు రిపోర్టులో సున్నా వస్తుంది, అందరూ సంతోషిస్తారు. సీసాలు వెనక్కి పంపి, బోరు దగ్గరే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి, ఐస్ పెట్టెలో పెట్టి, ఆ రోజే ల్యాబ్‌కు చేర్చాం. ఇలాంటి స్థలాల రిపోర్టుల్లో "క్రోమియం-6 లేదు" అని కనిపిస్తే నేను ముందు చూసేది సీసాలో ఏం పోశారన్నదే.

ఫలితాలు: షెడ్డు బోరులో లీటరుకు 18 మిల్లీగ్రాములు, గేటు పక్క బోరులో దాదాపు 3, వెనక వీధి ఇంట్లో 1.4. అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది దాని తర్వాతి ఇంటి ఫలితం. అక్కడ 0.4 ఉంది, అంటే హద్దుకు ఎనిమిది రెట్లు. గ్లాసులో పోసి చూస్తే మినరల్ వాటర్‌కూ దానికీ తేడా తెలియదు. పసుపు నీళ్లు వచ్చే ఇంటివాళ్లు తాగడం ఎప్పుడో మానేశారు. తెల్లగా వచ్చే ఇంటివాళ్లు తాగుతూనే ఉన్నారు. మునిసిపాలిటీ నీళ్లు వచ్చేదాకా డబ్బా నీళ్లు యజమాని ఖర్చుతో వేయించాలని మొదటి ఉత్తరంలోనే రాశాం.

మే చివర

యజమాని మెల్లగా ఇంకో సంగతి చెప్పాడు. షెడ్డు మూసేటప్పుడు ఎవరో సలహా ఇస్తే లోపలంతా సున్నం చల్లించి నీళ్లు పట్టించారట. నికెల్, రాగి, జింకు లాంటివైతే సున్నం తగిలి గడ్డకడతాయి. క్రోమియం-6 తీరు వేరు. అది క్రోమేట్‌గా, రుణావేశంతో నీళ్లలో తిరుగుతుంది. బంకమట్టి రేణువులదీ రుణావేశమే కాబట్టి మట్టి దాన్ని సరిగా పట్టుకోదు. ఎర్రమట్టిలోని ఇనుము ఆక్సైడ్లు కాస్త పట్టుకుంటాయి. అదీ నేల పులుపుగా ఉన్నంతవరకే. సున్నం పడి పీహెచ్ పెరగ్గానే పట్టు వదిలేస్తాయి. వీధి బోరు ఆ తర్వాతే పసుపెక్కిందని ఆ ఇంటివాళ్లు చెబుతున్నారు. తేదీలు సరిపోతున్నాయి.

ఏ దారిన వెళ్లాలో నాలుగు గోడల మధ్య చర్చ. నీళ్లు తోడి శుభ్రం చేసే పద్ధతి మొదట పక్కన పెట్టాం. మొరం కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటుంది, పంపు ఏళ్ల తరబడి తిరగాలి, కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఇనుప రజను గోడ గురించి మా జూనియర్ ఉత్సాహంగా చెప్పాడు. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఎలిజబెత్ సిటీ కోస్ట్ గార్డ్ స్థావరంలోనూ ఇలాంటి క్రోమ్ ప్లేటింగ్ షాపే, క్రోమియం గచ్చు కిందికి దిగి నది వైపు కదిలింది. 1996లో అడ్డంగా కందకం తవ్వి 46 మీటర్ల పొడవు, 7.3 మీటర్ల లోతు, 0.6 మీటర్ల మందంతో ఇనుము నింపారు. నీళ్లు అందులోంచి పారుతుంటే క్రోమియం-6 అక్కడే క్రోమియం-3గా మారి ఆగిపోతుంది. చక్కటి పని. కానీ అది ఇసుక నేల. మనకు జేసీబీ పళ్లు రాతికి తగిలాక ఇంకో అడుగు కూడా దిగదు, నీళ్లేమో ఆ రాతి పగుళ్లలోంచే గోడ కిందుగా వెళ్లిపోతాయి.

రాణిపేట ఊసు కూడా వచ్చింది. చిత్తూరు జిల్లాకు దగ్గర్లోనే, తమిళనాడులో ఉన్న ఊరు. అక్కడ మూతబడిన క్రోమేట్ ఫ్యాక్టరీ ఆవరణలో లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా పడి ఉంది. 2006లో బ్లాక్‌స్మిత్ సంస్థ ప్రపంచంలో పది అత్యంత కలుషిత స్థలాల జాబితాలో రాణిపేట పేరు పెట్టింది. అక్కడ భూగర్భ జలాల మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లే అధ్యయనం చేశారు. దాంతో పోలిస్తే మాది చాలా చిన్న మచ్చ. అందుకే దీన్ని పూర్తిగా చేయొచ్చన్న ఆశ.

చివరికి తేలింది ఇది: వానలు పడేలోగా తొట్టి కింది మట్టిని తవ్వి తీసేయాలి, మొరంలో మిగిలినదాన్ని అక్కడే క్రోమియం-3గా మార్చాలి.

జూన్ మొదట్లో

జార్ టెస్టులు. మందు కొత్తదేమీ కాదు, అన్నభేది. అదే ఫెర్రస్ సల్ఫేట్. బజారులో ఎరువుల దుకాణంలో బస్తా అడిగితే "బత్తాయి తోటకా సార్?" అన్నాడు. ఇనుము లోపిస్తే ఆకులు పాలిపోతాయి కదా, అప్పుడు నిమ్మ ఉప్పుతో కలిపి పిచికారీ చేస్తారు. కాదు, నీళ్లకు అన్నాను. వింతగా చూశాడు.

రసాయనం సూటిగా ఉంటుంది. మూడు ఇనుము పరమాణువులు తలా ఒక ఎలక్ట్రాన్ ఇస్తే ఒక క్రోమియం-6 పరమాణువు క్రోమియం-3 అవుతుంది. బరువులో చూస్తే గ్రాము క్రోమియానికి 16 గ్రాముల అన్నభేది. గాజు జాడీలో షెడ్డు బోరు నీళ్లు పోసి, ఆ లెక్కకు కొంచెం ఎక్కువే కలిపాను. పసుపు కొద్దిసేపట్లో మాయమైంది. ఆకుపచ్చ ఛాయ ఒకటి వచ్చి పోయింది. సున్నపు తేటతో పీహెచ్‌ను 8 దగ్గరికి తెచ్చేసరికి తుప్పు రంగు మడ్డి మేఘాల్లా కట్టి కిందికి దిగింది. పైన తేరిన నీళ్లలో డైఫినైల్ కార్బజైడ్ వేస్తే రంగే రాలేదు.

జాడీలో అంతే. అందులో రాయి లేదు, పగుళ్లు లేవు, వాన లేదు.

జూన్ రెండో పక్షం

గచ్చు పగలగొట్టాం. తొట్టి కింద మట్టి నారింజ రంగులో, కింద పోనుపోను ఆకుపచ్చగా. ఆకుపచ్చ కనిపిస్తే నాకు కాస్త ఊరట. నేలలోని సేంద్రియ పదార్థం, ఇనుము కలిసి కొంత క్రోమియాన్ని తమంతట తామే మార్చేశాయన్నమాట.

మట్టిలో లోహాల్ని అక్కడికక్కడే కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీతో అడుగడుగునా చూస్తూ తవ్వాం. కానీ అది మొత్తం క్రోమియమే చెబుతుంది, 3 ఎంతో 6 ఎంతో చెప్పదు. దాన్నే నమ్ముకుంటే ప్రమాదం లేని ఆకుపచ్చ మట్టిని కూడా లారీలకెత్తి డబ్బు తగలేస్తాం. అందుకని అంచుల దగ్గర మట్టి తీసి, క్షార ద్రావణంలో 90 డిగ్రీలు దాటించి గంటసేపు ఉడికించి, క్రోమియం-6ను విడిగా కొలిచాం. పని నిదానమవుతుంది, జేసీబీ గంటల లెక్కన బిల్లు వేస్తుంటుంది, యజమాని గడియారం చూస్తుంటాడు. అయినా తప్పదు.

తీసిన మట్టిని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాం. లారీ మీద టార్పాలిన్, డ్రైవరు చేతిలో మానిఫెస్ట్ కాగితాలు, కూలీలకు మాస్కులు, మోచేతుల దాకా తొడుగులు. ఎండిన పసుపు దుమ్ము ముక్కులోకి పోకుండా ఒకతను పైపుతో నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు. ఎక్కువైతే నీళ్లు గుంటలోకి దిగి క్రోమియాన్ని కిందికి తోస్తాయి, తక్కువైతే దుమ్ము లేస్తుంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో అందరికన్నా నేర్పుగా పనిచేసింది ఆ పైపు పట్టుకున్నతనే అనిపిస్తుంది.

షెడ్డు పునాది కింద కొంత మిగిలిపోయింది. తవ్వితే గోడ కూలుతుంది.

ఆగస్టు

వానలు. నీటిమట్టం పైకొచ్చింది, దానితో పాటు అంకెలూ పెరిగాయి. ఇది ముందే ఊహించాం. వేసవిలో పొడిగా ఉన్న మొరంలోకి నీళ్లెక్కి, అక్కడ అంటుకుని ఉన్న క్రోమేట్‌ను కడిగేస్తున్నాయి. ఊహించాం గానీ వెనక వీధి ఆవిడకు ముందే చెప్పి ఉంచాల్సింది మా ఆఫీసు కాదు, స్థానిక అధికారులని ఒప్పందంలో ఉంది, వాళ్లు చెప్పలేదు. గేటు దగ్గరే నిలదీసింది. "మీరొచ్చి తవ్వాకే ఎక్కువైంది కదయ్యా?" వాన లేని నెలలో తక్కువ చూపించడమే అసలు మోసమమ్మా, ఇప్పుడు కనిపిస్తున్నదే నిజమైన లెక్క అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నేనైనా ఒప్పుకోను. మే, ఆగస్టు రీడింగులు రెండూ ఒకే గీత మీద చూపించే గ్రాఫు తెలుగులో వేయించి ఇచ్చాను. స్నానానికైనా వాడొచ్చా అని అడిగితే, బోరు స్టార్టర్ ఫ్యూజు తీసేయమన్నాను.

అక్టోబరు

కాలుష్య నియంత్రణ మండలికి పైలట్ ప్రణాళిక ఇచ్చి, సరేననిపించుకున్నాక నేలలోకి మందు పంపడం మొదలుపెట్టాం. ముందు పునాది పక్క బోర్లలో అన్నభేది ద్రావణం. డ్రమ్ములో కలిపిన మందుకు గాలి తగిలితే ఇనుము అక్కడే తుప్పయిపోతుంది. కాబట్టి మూతలు బిగించి, నైట్రోజన్ సిలిండరు పెట్టి, సన్నటి ధారగా వదిలాం. మొదటి బోరు బాగానే తాగింది. రెండోది కొద్దిసేపటికే మొరాయించింది. పైపు జల్లెడ బయటికి తీస్తే రంధ్రాల నిండా తుప్పు బంక. బ్రష్షుతో కడిగి, ద్రావణం పలచన చేసి మళ్లీ పెట్టాం.

అన్నభేది వేగంగా పనిచేస్తుంది, వేగంగా అయిపోతుంది. పునాది కింద ఉన్నది మాత్రం ఏళ్లపాటు మెల్లగా వదులుతుంది. అందుకే రెండో విడత మొలాసిస్, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి. నేలలోని సూక్ష్మజీవులు ఆ తీపి తిని ఆక్సిజన్ ఖర్చు చేసేస్తాయి. గాలి ఆడని ఆ పరిస్థితిలో క్రోమియం-6 నిలవలేదు. కాలిఫోర్నియాలోని హింక్లీలో ఇదే పనికి ఆల్కహాల్ వాడారు. అక్కడ గ్యాస్ కంప్రెసర్ స్టేషన్ కూలింగ్ టవర్లలో 1952 నుంచి 1966 దాకా తుప్పు పట్టకుండా క్రోమియం-6 కలిపారు. పద్నాలుగేళ్లు వాడినదాన్ని దాదాపు అరవై ఏళ్ల తర్వాత కూడా ఇంకా శుభ్రం చేస్తున్నారు. తోడిన నీళ్లతో పశుగ్రాసం పండించి, నేలలోని సేంద్రియ పదార్థంతోనే మార్పిస్తున్నారు కూడా. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం, కాకపోతే ఇక్కడ గజం భూమి ధర విన్నాక ఎవరూ గడ్డి వేయరు.

నవంబరు

షెడ్డు బోరులో క్రోమియం-6 కొలతకందనంత తగ్గింది. యజమాని స్వీట్లు తెచ్చాడు. శాంపిల్ సీసా చూసి మొహం మాడ్చుకున్నాడు. "పసుపు పోయి టీ డికాక్షన్ వచ్చిందేంటి సార్?" మొలాసిస్ వల్ల గాలి లేక రాళ్లలోని ఇనుము, మాంగనీస్ కరిగి వస్తున్నాయి. వాసన కూడా కుళ్లు గుడ్డు వాసనే. కొంత దూరం వెళ్లి మళ్లీ గాలి తగిలితే ఇనుము గడ్డకట్టి దిగిపోతుంది, మాంగనీస్ దిగడానికి ఎక్కువ కాలం పడుతుంది. సల్ఫేట్ కూడా పెరిగింది, అన్నభేది తాలూకు. ఇవన్నీ ప్రతి నెలా కొలిచి అదే కాగితంలో రాస్తున్నాం. క్రోమియం ఒక్కదాన్నే చూపిస్తే ఈ పని అద్భుతంగా కనిపిస్తుంది.

జనవరి

వెనక వీధి బోరు 0.2 దగ్గర ఆగింది, కిందికి దిగడం లేదు. మందు పెద్ద పగుళ్ల వెంట వెళ్లిపోయింది, సన్న పగుళ్లలో ఉన్న మురికి నెమ్మదిగా బయటికొస్తోంది. ఆ వైపు ఇంకో బోరు వేసి పలచని మొలాసిస్ మళ్లీ పంపాలి.

ఇక ఆ నల్ల పూత సంగతి. క్రోమియం-3 ఎక్కడికీ పోలేదు, నేలలోనే గట్టిగా కూర్చుని ఉంది. సాధారణంగా మళ్లీ కదలదు. మాంగనీస్ ఆక్సైడ్ తగిలితే మాత్రం కొంత తిరిగి క్రోమియం-6 కాగలదు. ఇది 1979 నుంచీ నేల శాస్త్రవేత్తలకు తెలిసిన విషయమే. మొరం ముక్కల్ని క్రోమియం-3 ఉన్న తుప్పు రంగు మడ్డితో కలిపి సీసాల్లో తడిపి ఉంచాను, గాలి తగిలేవి కొన్ని, తగలనివి కొన్ని. గాలి తగిలే సీసాల నీళ్లలో డైఫినైల్ కార్బజైడ్ వేస్తే లేత వంకాయ రంగు రావడం మొదలైంది. చాలా లేత. తగలనివాటిలో ఏమీ లేదు. నేలలో గాలి ఆడనంతకాలం భయం లేదన్నమాట.

ఫిబ్రవరి

కొనే పార్టీ ఇంజనీరు వచ్చాడు. క్లియరెన్స్ లెటర్ ఇచ్చేస్తే మార్చిలో రిజిస్ట్రేషన్ పెట్టుకుంటామన్నాడు. ఏం కడుతున్నారని అడిగాను. ఐదంతస్తులు, రెండు సెల్లార్లు.

రెండు సెల్లార్లంటే సరిగ్గా మేం మందు పంపిన మొరంలోకి తవ్వుతారు. కట్టినన్నాళ్లూ రాత్రింబవళ్లు పంపులు పెట్టి ఊట నీళ్లు వీధి కాలవలోకి తోడతారు. నీటిమట్టం పడిపోయి మొరంలోకి గాలి దూరుతుంది. వెనక వీధి కిందున్న మురికి ఇటు తిరుగుతుంది. నా సీసాల్లో రంగు వచ్చిన పరిస్థితి అదే.

లెటర్‌లో ఇలా రాశాను: మొత్తం స్థలానికి బోరు నీళ్లు ఏ అవసరానికీ వాడకూడదు, ఈ షరతు సేల్ డీడ్‌లో ఉండాలి. పాత షెడ్డు బోరును బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమట్టి), సిమెంటుతో అడుగు నుంచి పూడ్చాలి. సెల్లార్ ఒకటికి మించకూడదు, అదీ పాత తొట్టి వైపు కాదు. తోడిన నీళ్లలో క్రోమియం-6 లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే కాలవలోకి వదలకూడదు, అన్నభేది ట్యాంకు గుండానే పంపాలి. పరిశీలన బోర్లు ఇంకో రెండు వానాకాలాలు తెరిచే ఉంచాలి.

ఇంజనీరు చదివి, "మార్కెట్లో ఇంకో కన్సల్టెంట్ సంతకం పెట్టేస్తాడు సార్" అన్నాడు. పెట్టొచ్చు. అందుకే కాపీని మండలికి, వెనక వీధి సంక్షేమ సంఘానికి కూడా పంపాను. ఈ వారం సెల్లార్ డ్రాయింగులు పంపిస్తామన్నారు. కొత్త బోరుకు తిరుచెంగోడు బండిని సోమవారానికి చెప్పి పెట్టాను.